కాగితాల మీద కూర్చునే అక్కయ్యగారు

ఆవిడ పోయిన రోజున తెనాలిలో కొట్లన్నీ మూసేశారు.

ఈ వాక్యం రాసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువుకున్నాను. దర్జాగానే ఉంది. కాకపోతే ఆ రోజు ఆదివారం. పైగా మా వీధి చివర టిఫిన్ హోటలూ, దాన్ని ఆనుకుని మందుల షాపూ తెరిచే ఉన్నాయి. ఆవిడని సాగనంపడానికి ఊరు ఊరంతా కదిలి వచ్చిందని రెండో వాక్యం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. ఓ పాతిక మందిమి ఉంటాం. అందులో ఇద్దరు ఆటోవాళ్ళు, కిరాయి దొరుకుతుందేమోనని ఆగినవాళ్ళు.

అక్కయ్యగారు ఉంటే మొదటి వాక్యం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టేవారు. "కొట్ల సంగతి కొట్లవాళ్ళు చూసుకుంటారు. మీరేం చేశారో చెప్పండి" అనేవారు.

నేనేం చేశానంటే, ఆ మంగళవారం పొద్దున అలవాటు చొప్పున తెనాలి స్టేషనుకి వెళ్ళి రేపల్లె ప్యాసింజరు టిక్కెట్ల కోసం వరసలో నిలబడ్డాను. కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "రెండేగా సార్?" అన్నాడు. "రెండే" అన్నాను. రెండు తీసుకుని ఒక్కణ్ణే ఎక్కాను.

ఆవిడ పేరు రాయను. రాశానంటే ఊళ్ళో ప్రతివాళ్ళూ తమకి తెలిసిన ఆవిడని తెచ్చి ఇందులో కూర్చోబెడతారు. నాకు తెలిసిన ఆవిడకి చోటుండదు.

పొట్టి మనిషి. ఎవరు మాట్లాడుతున్నా తల కాస్త పక్కకి వంచి కుడి చెవి ముందుకి పెట్టేవారు. ఆ చెవి పైన జుట్టు పలచగా ఉండేది. ఉద్యోగమంతా అక్కడ హెడ్‌ఫోను రుద్దుకుందని చెప్పేవారు. రేపల్లె టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు తెనాలి. రోజూ ఇదే బండిలో వెళ్ళి ఇదే బండిలో వచ్చేవారు. ఉద్యోగం అయిపోయినా బండి అలవాటు మాత్రం పోలేదు. చివరికి మంగళవారాలకి కుదించుకున్నారు.

ట్రంకాల్ బుక్ చేసుకుని పొద్దుగూకేదాకా ఎదురుచూసే కాలంలో పనిచేసిన మనిషి. "జనం మాట్లాడుకునేది వినకూడదండి, రూలు. వినకపోతే లైనుందో తెగిందో నాకెలా తెలుస్తుంది? అందుకని విన్నాను" అనేవారు. ఆ విన్నదాంతో ఆవిడ ఓ పెద్ద నవల రాసి దాచిపెట్టారని నేను ఇద్దరు ముగ్గురికి చెప్పాను. అబద్ధం. ఆవిడ ఒక్క ముక్క రాయలేదు. రాసేవాళ్ళని వినడమే ఆవిడ చేసిన పని.

మొదటిసారి ఆవిడని చూసింది తెనాలిలో ఒక లైబ్రరీ హాల్లో. నెలకోసారి చేరి ఎవరి కథలు వాళ్ళు చదువుకునేవాళ్ళం. నేను బాపట్లలో తహసీల్దారుగా రిటైరై వచ్చి, ఇక మిగిలింది రాయడమేనని నిర్ణయించుకున్న రోజులు. డిప్యూటీ తహసీల్దారుని. ఆ డిప్యూటీ సంగతి ఆవిడకి ఎవరో చేరేశారు. అప్పట్నించీ ఆవిడ నన్ను "తహసీల్దారు గారూ" అని తప్ప పిలవలేదు. మనిషిని పొడవడానికి ఇంత మర్యాదైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

ఆ రోజు నేను కథ చదివితే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. హాల్లో ఉన్నది డజను మంది కాబట్టి దద్దరిల్లడానికి అట్టే వీల్లేదు గానీ, కొట్టడమైతే కొట్టారు. టీ తాగుతుంటే ఆవిడ దగ్గరికొచ్చారు.

"బాగా చదివారండి. ఎవరికి చెప్పారది?"

"ఎవరికేంటండీ? అందరికీ."

"అందరికీ అంటే లైను కలవదండి. ఒక నంబరుండాలి." తల కాస్త పక్కకి వంచి, "అందులో ఆ అమ్మాయి కుమిలి కుమిలి ఏడ్చిందన్నారు. నేను ఫోన్లో చాలా ఏడుపులు విన్నాను గానీ ఆ రకం వినలేదు. ఎలా ఉంటుంది? ఒకసారి చేసి చూపించండి" అన్నారు.

టీ కప్పుతో నిలబడ్డాను. చుట్టూ మనుషులు. ఎలా చూపిస్తాను?

"నిజంగా ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నామని చెప్పరండి" అన్నారావిడ. "'వినపడుతోందా, వినపడుతోందా' అంటారు. లైను బ్రహ్మాండంగా ఉంటుంది. అయినా అంటారు. మంగళవారం పొద్దున రేపల్లె బండికి రండి. కాగితాలు తెచ్చుకోండి."

వెళ్ళాను. ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. బండి కదలగానే ఆవిడ చెయ్యి చాపి నా కాగితాలు తీసుకున్నారు. చదువుతారనుకున్నాను. అంచులు సరిచేసి, సీటు మీద పరిచి, వాటి మీద కూర్చున్నారు.

"ఊఁ, చెప్పండి."

"చదవాలి కదండీ!"

"చదివితే కాగితం చెబుతుంది. మీరు చెప్పండి. గుర్తురానిది వదిలెయ్యండి. మీకే గుర్తులేనిది వినేవాళ్ళకెందుకు?"

ఇంకో షరతు కూడా పెట్టారు. కథ అనే మాట రాకూడదు. "కథ అన్నారంటే కాళ్ళు చాపుకుని ఫోన్లు తీస్తారు. 'మావాళ్ళలో ఒకావిడ' అని మొదలుపెట్టండి. చుట్టాల సంగతంటే ఎవరైనా వింటారు."

అదీ ఆవిడ పద్ధతి. మనం చెబుతున్నంతసేపూ మన మొహం చూసేవారు కాదు. పక్కనున్నవాళ్ళని చూసేవారు. అరటి గెలల వ్యాపారి, ఆస్పత్రికి వెళ్తున్న దంపతులు, టీచర్లు, చేపల బుట్టతో ఒకావిడ, ఎవరుంటే వాళ్ళని. ఒళ్ళో ఒక స్టీలు డబ్బా ఉండేది, వేయించిన వేరుశనగపప్పు. కథ నీరసపడిందనిపిస్తే టప్పున మూత తీసి చుట్టూ ఉన్నవాళ్ళకి పంచేవారు. చెప్పేవాడికి మాత్రం పెట్టేవారు కాదు. ఆ మూత చప్పుడంటే నాకు బీపీ వచ్చింది. బీపీ అంతకు ముందే ఉంది, కానీ ఆ చప్పుడుకి పెరిగేది.

రేపల్లెలో దిగి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ తీర్పు చెప్పేవారు. "పెళ్ళి మాటలప్పుడు చేపలావిడ కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ సగం తీసెయ్యండి. మేనమామ తలుపు దగ్గర చెప్పుల కోసం వెతుక్కున్నాడన్నారే, అప్పుడు మళ్ళీ ఇటు తిరిగింది. ఆ చెప్పులు ఉంచండి." అంతే. బాగుంది, బాగాలేదు అనే మాటలే వాడేవారు కాదు. అప్పుడు కాగితాలు తిరిగిచ్చేవారు, వెచ్చగా, కాస్త నలిగి.

రాయడం మానెయ్యమని మాత్రం ఎవరితోనూ అనలేదు. రేపల్లె నుంచి ఒక లెక్చరరు వచ్చేవాడు. పత్రికవాళ్ళు కథ వెనక్కి పంపారని ఒక మంగళవారం ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఇక రాయనండి పిన్నిగారూ."

"నంబరు కలవకపోతే ఏం చేస్తాం నాయనా? ఫోను పగలగొడతామా?"

"లేదండి."

"మళ్ళీ బుక్ చేస్తాం. అవతల ఎత్తేవాళ్ళు లేకపోతే నీ గొంతు బాగోలేదని కాదు. ఊళ్ళో లేరేమో. ఇదిగో, పప్పు తిను. ఇవాళ నీ కథ లేదుగా, తినొచ్చు."

నా రోగం వేరు. నాకు ఏదీ ఉన్నంతలో చెప్పడం రాదు. దాన్ని కూడా ఆవిడ తప్పనలేదు. "పెంచి చెప్పండి, ఫర్వాలేదు. ఫోన్లో అరిచేవాళ్ళంతా అబద్ధాలకోర్లు కాదు, అవతల వినపడదేమోనని అరుస్తారు. కానీ వినపడిందని తెలిశాక గొంతు దించాలండి తహసీల్దారు గారూ. మీరు దించరు" అన్నారు. ఈ వయసులో దించడం నేర్చుకుంటున్నాను. ఆ పాఠం తలకెక్కిన రోజు సంగతి చెబుతాను.

అప్పుడు నేనొక కథ రాశాను. బాపట్లలో ఒకావిడ. భర్త వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంట్లో మిషను కుట్టి కూతుర్ని పెంచుతూ, ఆ వెళ్ళినవాడి తల్లిని కూడా తనే చూసుకుంటుంది. గడవక చివరికి మిషను అమ్మకానికి పెడుతుంది. అక్కడ ఆగిపోయాను. అమ్మించాలో వద్దో తేలలేదు. అక్కయ్యగారు కాగితాల మీద కూర్చున్నారు. నేను "మావాళ్ళలో ఒకావిడ, బాపట్లలో ఉంటుంది" అని ఎత్తుకున్నాను.

నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. వేమూరు వెళ్తున్నాడు. పొలాలున్న మనిషని చూస్తేనే తెలుస్తోంది. ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. అలా ఒక మనిషి పూర్తిగా తిరిగి కూర్చుంటే ఇక నేనాగుతానా? కాగితం మీదున్న ఒక్క కూతురు ముగ్గురైంది. అత్తగారికి కళ్ళు పోయాయి. చిన్నపిల్లకి జ్వరం తగిలించాను. పప్పు డబ్బా మూత లేవలేదు. వేమూరు రాగానే ఆ పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని దిగిపోయాడు.

రేపల్లెలో అక్కయ్యగారు టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టారు.

"బాగా చెప్పారండి" అన్నారు చివరికి. "మరీ బాగా చెప్పారు."

నేను రెండో మాట వినిపించుకోలేదు.

తర్వాతి మంగళవారం బండి వేమూరులో ఆగేసరికి ఆయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. పక్కన జీతగాడు, వాడి నెత్తిన బస్తా. కిటికీలు వెతుక్కుంటూ వస్తున్నాడు. నన్ను చూడగానే "ఇక్కడేరా!" అని కేకేసి, బస్తా తలుపులోంచి లోపలికి తోయించాడు.

"మా చేలో పండినవేనండి, బీపీటీ బియ్యం. ఈ చీర మా ఇంటావిడ ఇచ్చింది. ఆవిడకి చేర్చండి బాబుగారూ. మిషను మాత్రం అమ్ముకోవద్దని చెప్పండి. మా ఇంటావిడ మరీ మరీ చెప్పమంది."

"అయ్యో, ఏవండీ, అసలు సంగతి..." అన్నాను.

బండి కదిలింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నాక్కాదు, ఆ లేని మనిషికి.

బస్తా నా కాళ్ళ దగ్గర కూర్చుంది. రైలు పెట్టెలో అందరూ దాన్నే చూస్తున్నారు. నేను గొంతు తగ్గించి, "ఏదైనా అనాథాశ్రమంలో ఇచ్చేద్దామండి అక్కయ్యగారూ. పుణ్యానికి పుణ్యం" అన్నాను.

"ఆయన అనాథాశ్రమానికి ఇవ్వలేదు. ఆవిడకిచ్చారు."

"ఆవిడ లేదు కదండీ!"

"లేదని తెలిసే ముగ్గురు పిల్లల్నిచ్చారుగా ఆవిడకి? ఇప్పుడు వెతకండి."

హాస్యానికి అంటున్నారనుకున్నాను. కాదు. ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని బెదురు కనిపించింది. "తప్పు మీ ఒక్కరిదే కాదు. కథ అనొద్దన్నది నేను. ఈ బండిలో తిరిగేవాళ్ళు రోజూ వీళ్ళేనండి. మనం మోసం చేశామని ఆయన నలుగురిలో అన్నాడంటే ఇక మన మాట ఎవరూ వినరు. మీదే కాదు, లెక్చరరుది వినరు, రేపొచ్చే ఇంకో పిల్లది వినరు. నాకిక మంగళవారం లేదు" అన్నారు. ఇది తేలేదాకా ఎవరినీ బండెక్కించనని చెప్పేశారు.

అందుకని బస్తా వేసుకుని ఆవిడా నేనూ బాపట్ల వెళ్ళాం. ఆ ఊళ్ళో నన్ను తెలియనివాళ్ళు లేరు. స్టేషను బయట ఎవరూ పలకరించలేదన్నది వేరే విషయం. ఆటో ఎక్కి, "భర్త వదిలేసి, మిషను కుట్టుకుంటూ, అత్తగారిని చూసుకునే ఆవిడ కావాలి" అన్నాను.

"అడ్రసుందా అండి?"

"లేదు."

ఆటో అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. "కోర్టు కేసా అండి?"

"కాదు బాబూ, బియ్యం ఇవ్వాలి" అన్నారు అక్కయ్యగారు.

"అయితే మా పిన్ని ఉందండి. భర్త వదల్లేదు గానీ, ఉన్నా లేనట్టే. ఫర్వాలేదా?"

"కుదరదు. వదిలేసి ఉండాలి" అన్నాను.

అతను కాసేపు ఆలోచించి, ఒకరిద్దర్ని ఫోన్లో అడిగి, ఒక సందులోకి తీసుకెళ్ళాడు. ఉంది. నిజంగానే ఉంది. మెడలో టేపు, నోట్లో గుండుసూది. వరండాలో మంచం మీద అత్తగారు. నా కథలో నేను కళ్ళు తీసేసిన అత్తగారు ఇక్కడ దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని జాకెట్లకి హుక్కులు కుడుతోంది.

బస్తా చూడగానే ఆవిడ గుండుసూది తీసి, "ఏ పార్టీ అండీ మీరు?" అంది.

"పార్టీ కాదమ్మా."

"ఎలక్షన్లు ఇప్పుడు లేవుగా?"

"ఎవరో పెద్దమనిషి ఇమ్మన్నారు" అన్నాను.

"నాకే ఎందుకిమ్మన్నారు? నేనెవరో ఆయనకి తెలుసా?"

తెలియదు. నేనేదో నసిగాను. అక్కయ్యగారు నన్ను పక్కకి నెట్టి, మంచం మీద అత్తగారి పక్కన కూర్చుని, నిదానంగా చెప్పారు. "మావాళ్ళలో ఒకావిడ ఇలాగే ఉందమ్మా. మిషను అమ్మేస్తానంటోంది. ఏం చెప్పాలో తెలియక తిరుగుతున్నాం."

"మిషనెందుకండీ అమ్మడం?" అంది ఆవిడ. "ముందు మంచం అమ్మాలి గానీ."

"మంచం అమ్మితే నేనెక్కడ పడుకోవాలే?" అంది అత్తగారు, హుక్కు మీంచి చూపు తిప్పకుండా.

"మిషను కింద."

"నీ మొగుడూ ఇలాగే మాట్లాడేవాడు."

"కన్నది మీరేగా!"

ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. ఆవిడ కొలతలు రాస్తోంది, అత్తగారు హుక్కులు కుడుతోంది, పని మాత్రం ఆగలేదు. బియ్యం తీసుకోలేదు. "ఊరికే వచ్చింది తీసుకుంటే రేపు మీరొచ్చి ఏదో ఒకటి అడుగుతారు. వద్దండి. జాకెట్టు గుడ్డలుంటే తెండి, కుట్టిపెడతాను" అంది. బస్తా మళ్ళీ ఆటో ఎక్కింది. కిరాయి తీసుకుంటూ ఆటో అతను "పోనీ మా పిన్నికి ఇవ్వచ్చుగా అండి" అన్నాడు.

తెనాలి వస్తుంటే అక్కయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ కథలో ఆవిడ ఒక్కసారైనా ఎవర్నైనా తిట్టిందా?" అన్నారు.

"లేదండి."

"తిట్టనివ్వండి పాపం."

ఆ పై మంగళవారం బస్తా సీటు కింద పెట్టుకుని రేపల్లె బండెక్కాం. రాత్రంతా నాకు నిద్ర లేదు. కాస్త పట్టింది, ఆవిడకి మాత్రం పట్టలేదని కళ్ళు చూస్తే తెలిసింది. పప్పు డబ్బా తేలేదు.

వేమూరులో ఆయన ఈసారి ఖాళీ చేతులతో ఎక్కాడు. భట్టిప్రోలులో ఏదో పనుందట. నా ఎదురుగా కూర్చుని, రైలు పెట్టె అంతా వినేలా, "చేరాయాండి బియ్యం?" అన్నాడు.

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "ఆఁ, ఆవిడైతే చీర చూసి ఒక్కసారిగా..." అని వచ్చింది. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు.

అక్కయ్యగారు కాలితో సీటు కింద నుంచి బస్తాని బయటికి తోశారు. దాని మీద మడత నలగని చీర.

పెద్దాయన బస్తాని చూశాడు. నన్ను చూశాడు. ఇక దాచడానికేమీ లేదు. "ఆవిడ లేదండి. నేను రాస్తున్న కథ అది" అన్నాను.

"లేదా? అసలు లేదా?"

"లేదండి."

"ముగ్గురు ఆడపిల్లలు?"

"లేరండి."

"జ్వరం వచ్చిన పిల్ల?"

"కాగితం మీద ఒకత్తే ఉందండి. దానికి జ్వరం లేదు."

పక్క సీటువాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది. "మా ఇంటావిడకి ఏం చెప్పమంటారండీ? అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆవిడ గురించే మా ఇంట్లో. తిన్నారో లేదో, తిన్నారో లేదో అని. పెద్దమనుషులు, ఇలా చేస్తారా?"

"తప్పు నాదండి" అన్నారు అక్కయ్యగారు. "కథ అని చెప్పొద్దని నేర్పింది నేనే. ఆవిడ దొరుకుతుందేమోనని బాపట్ల కూడా వెళ్ళాం." నా వైపు తిరిగారు. నా మొహంలోకి ఆవిడ సూటిగా చూడటం అదే మొదలు. "అక్కడేం జరిగిందో చెప్పండి. జరిగింది జరిగినట్టు."

చెప్పాను. ఏ పార్టీ అన్నది, మంచం అమ్మాలన్నది, కన్నది మీరేగా అన్నది. ఏమీ కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు. మొదట పక్కసీటు ఆవిడ నవ్వింది. తర్వాత ఇంకెవరో "ఆ అత్తగారేమందండి?" అని మళ్ళీ చెప్పించుకున్నారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. తల వంచుకుని వింటున్నాడు.

భట్టిప్రోలు దగ్గర పడుతుంటే లేచి నిలబడి, పైకడ్డీ పట్టుకుని, "మరి ఆవిడ?" అన్నాడు.

"బాపట్లావిడ బాగానే ఉందండి."

"ఆవిడ కాదండి. మీరు చెప్పినావిడ. లేదన్నావిడ."

నేను బస్తా వైపు చూశాను.

"నిజంగా ఉంటే పక్కింటివాళ్ళైనా చూస్తారు, చుట్టాలైనా చూస్తారు. లేదంటున్నారుగా మీరు. అంటే ఆవిడకి మీరు తప్ప ఇంకెవరూ లేరన్నమాట." చీర తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇది తీసుకెళ్తాను, మా ఇంటావిడకి ఇష్టమైన చీర. బియ్యం మాత్రం వెనక్కి తీసుకోనండి. ఆవిడకని కట్టినవి మేం వండుకోలేం. మధ్యలో వదిలెయ్యకండి ఆవిణ్ణి."

దిగి వెళ్ళిపోయాడు. పక్కసీటు ఆవిడ ముందుకి వంగి, "వచ్చే వారం కూడా చెబుతారా అండి?" అని అడిగింది. అక్కయ్యగారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "చెబుతారమ్మా. ఈసారి కథ అని ముందే చెప్పి చెబుతారు" అన్నారు.

సాయంత్రం తెనాలిలో దిగాక బస్తా అక్కయ్యగారినే తీసుకోమన్నాను. ససేమిరా అన్నారు.

"ఆవిడ ఉండేది మీ ఇంట్లోనేగా? బియ్యం కూడా అక్కడే ఉండాలి."

బస్తా భుజానికెత్తుకుని ఇంటిదాకా నడిచాను. లేదు, ఆటో ఎక్కాను. ఆటోలోంచి వంటింట్లోకి మాత్రం నేనే మోశాను. మా ఇంటావిడ పొయ్యి తగ్గించి వచ్చింది.

"ఎవరికండీ ఇన్ని బియ్యం?"

"మనింట్లో ఒకావిడుంది. ఆవిడకి."

గరిట చేత్తో పట్టుకునే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఎవరావిడ? పేరేంటి?"

నోరు తెరిచాను. ఆవిణ్ణి బాపట్లలో పెట్టాను, మొగుణ్ణి పంపించేశాను, పిల్లల్ని ముగ్గుర్ని చేసి మళ్ళీ ఒకత్తెకి దించాను, మిషను అమ్మకానికి పెట్టించాను. పేరు మాత్రం పెట్టలేదు.

"ఉండు, కనుక్కుని చెబుతాను" అని గదిలోకెళ్ళి కాగితాల ముందు కూర్చున్నాను.